మడతతో కలిపి

మంట మీద దర్జీకి ఉన్న కోపమంతా ఒక్క మాట దగ్గర పుట్టింది. ఆ మాట పార్సిలు.

మంట అతనికి స్వయానా బావమరిది, భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. వెల్డింగు షెడ్డు నడుపుతాడు. చేతిలో ఎప్పుడూ నిప్పు, నోట్లో అంతకన్నా నిప్పు. అందుకే కన్నవాళ్ళు పెట్టిన పేరు మూలపడి, వీధి పెట్టిన పేరు నిలిచింది. పొద్దున్నే బావని బండి వెనక ఎక్కించుకుని కుట్టు దుకాణం ముందు దించడం వాడి పని. ఎవరూ అప్పగించింది కాదు, వాడే నెత్తికెత్తుకున్నాడు. దర్జీ ఎడమ మోకాలు వంగదు. తొడ దగ్గర్నుంచి మడమ దాకా కాలంతా ఒకే కర్రలా ఉంటుంది. రెండు కాళ్ళూ ఒకపక్కకే వేసుకుని కూర్చోవాలి. ఆ కాలు రోడ్డు మీదికి గేటుకర్రలా పొడుచుకొస్తే ఎదురొచ్చే సైకిళ్ళు పక్కకి జరిగిపోవాలి. అంతవరకూ ఓర్చుకోవచ్చు. దించాక మంట ఊరుకోడు. హారను రెండుసార్లు కొట్టి, ఎదుటి టీ కొట్టుకీ పక్కనున్న మందుల షాపుకీ వినపడేలా కేకేస్తాడు.

"పార్సిలొచ్చిందండోయ్! గాజుసామాను, మెల్లిగా దించుకోండి!"

టీ కొట్టాయన రోజూ అదే జోకుకి రోజూ కొత్తగా నవ్వేవాడు. చివరికి బట్టలు కుట్టించుకునేవాళ్ళు కూడా "ఏం పార్సిలూ, నా చొక్కా అయిందా?" అనడం మొదలుపెట్టారు. కత్తెర పట్టి ఇన్నేళ్ళలో సంపాదించుకున్న పేరు ఒకటే, కొలత తప్పడని. ఆ పేరు కాస్తా బావమరిది హారను మోతలో కొట్టుకుపోయింది.

ఇంకొకటి కూడా ఉంది, దాన్ని అతను ఎవరితోనూ అనలేదు. అతను బండి దిగిన చాలాసేపటికి భార్య గుడ్డలమూట చంకన పెట్టుకుని, చెమటలు కక్కుతూ నడిచొచ్చేది. మొగుడు దర్జాగా బండి మీద, పెళ్ళాం మూటతో రోడ్డు మీద. ఆమె పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే అతనికి సూదిలా గుచ్చుకునేది.

ఆ మధ్య ఫొటో మాస్టారు పాంటు బిగించమని దుకాణానికి వచ్చాడు. స్టూడియో మూసేసి చాలాకాలమైంది, పేరు మాత్రం మిగిలింది.

"మనిషి తగ్గాడు, పాంటు తగ్గలేదయ్యా," అన్నాడు నడుము పట్టుకుని. "బండి కూడా ఎవరికైనా ఇచ్చేద్దామని చూస్తున్నా. క్లచ్చి పట్టుకుంటే వేళ్ళు తలో కథ చెప్తున్నాయి."

"ఏ బండి మాస్టారూ?"

"నాకెన్ని బండ్లున్నాయిరా బాబూ? అదే, కొమ్ములబండి."

దర్జీ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. ఆ బండి ఎరగనివాళ్ళు లేరు. పాత క్రూయిజరు. పొడుగ్గా, నేలకి దగ్గరగా, దున్నపోతు కొమ్ముల్లాంటి హ్యాండిలుతో ఉంటుంది. మిగతా బండ్ల మీద మనిషి కాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి. దీని మీద పడక్కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలి, కాళ్ళు ముందుకి చాపుకోవాలి. కాళ్ళు చాపుకుని నడిపే బండి. ఆ సంగతి ఇన్నాళ్ళూ తనకి తట్టనందుకు దర్జీకి తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రమే వెళ్ళి చూశాడు. వసారాలో పాత దుప్పటి కప్పి పెట్టారు. దుప్పటి తీయగానే అతను ఇంజను చూడలేదు, టైర్లు చూడలేదు. ముందుగా సీటు అంచు మీద బొటనవేలు పెట్టి కుట్టు పొడవునా నడిపించాడు. ఒక్క పోగు కూడా లేవలేదు.

"మంచి చెయ్యి కుట్టింది," అన్నాడు.

"బండి కొంటున్నావా, సోఫా కొంటున్నావా?" అన్నాడు మాస్టారు. "ఇదిగో, ముందే చెప్తున్నా. ఇది పరిగెత్తదు, నడుస్తుంది. పొద్దున్నే చోకు లాగి కాసేపు బతిమాలాలి. కొత్త పెళ్ళికొడుకులా అలుగుతుంది. తొందర మనిషివైతే ఇప్పుడే లేచి వెళ్ళిపో."

"ఆ దున్నపోతుని తోలుకుపోతే నీకు పుణ్యముంటుంది నాయనా," అంది లోపల్నుంచి మాస్టారి భార్య. "అది పోతే వసారాలో నాకో మంచం పడుతుంది."

దర్జీ కర్రలాంటి కాలు ముందుగా అవతలకి జార్చి, కుడికాలి మీద బరువు నిలిపి కూర్చున్నాడు. ఎడమకాలు తిన్నగా చాపాడు. పాదం పెట్టుకునే కడ్డీ మామూలు మనిషి మోకాలు కొంచెం వంచితే అందేలా ఉంది. అతని పాదం దాన్ని దాటి ముందుకి పోయింది. అయినా ఇంకెక్కడా దొరకని జాగా అక్కడ దొరికింది. ఆ కడ్డీనీ, దాని ముందున్న గేరునీ ఇంకొంచెం ముందుకి జరిపితే చాలు. అతను కొమ్ములు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. మాస్టారు గొంతు సవరించుకున్నా దిగలేదు.

బేరం డబ్బు దాకా పోలేదు. మాస్టారి కోడలికి కుట్టుమిషను కావాలి, దర్జీ దగ్గర రెండు ఉన్నాయి. రెండోదాని మీద పనిచేసేది అతని భార్య. రాత్రి అన్నం దగ్గర ఆ మాట ఎలా ఎత్తాలో తెలియక నీళ్ళు తాగాడు, మళ్ళీ తాగాడు.

"మిషను ఇచ్చేస్తానన్నారట కదా, మాస్టారి కోడలు వీధిలో చెప్పింది," అంది ఆమె.

"నిన్ను అడిగాకే ఖాయం చేద్దామని…"

"అడిగారుగా ఇప్పుడు. కాజాలు చేత్తో కుట్టుకుంటాలెండి. ఇంతకీ ఆ బండికి వెనక సీటుందా?"

"ఉంది."

"గట్టిదేనా?"

"నేను చూశాను, మంచి కుట్టు."

ఆమె నవ్వి కంచం తీసుకుని లేచింది.

బండిని ఇంటికి తేవడానికి మాత్రం మంటనే పిలవాల్సొచ్చింది. ఇనుముని కోసి అతికేవాడు ఆ చుట్టుపక్కల వాడొక్కడే. వాడు బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ట్యాంకు మీద కొట్టి చూశాడు, సైలెన్సరులోకి వేలు పెట్టి మసి చూసుకున్నాడు.

"కొమ్ములున్నాయి సరే, తోకెక్కడ బావా?"

"తోకలా మీ అక్క వెనక కూర్చుంటుంది, నీలాంటి ఈగల్ని తోలడానికి. నోరు మూసుకుని పోనీ."

"అంటే ఇంక నా పార్సిలు సర్వీసు రద్దా?" అన్నాడు మంట. నవ్వుతూనే అన్నాడు గాని, కిక్కు కొట్టే ముందు ఒక్క క్షణం బావ మొహం కేసి చూశాడు. దర్జీ ఆ చూపు పట్టించుకోలేదు.

మర్నాడు షెడ్డులో బండిని రెండు దిమ్మల మధ్య నిలబెట్టారు. ఫ్రేముకి ఎడమపక్కన ముందుకి ఒక ఇనపపలక అతికించి, దాని చివర కాలు పెట్టుకునే కడ్డీ, గేరు పలకలు రెండూ బిగించాలి. ముందు పలకని వేళ్ళతో నొక్కితే గేరు కిందికి దిగుతుంది, వెనక పలకని మడమతో నొక్కితే పైకెక్కుతుంది. మోకాలితో పని లేదు, చీలమండ తిరిగితే చాలు. దర్జీకి చీలమండ బ్రహ్మాండంగా తిరుగుతుంది.

"కొలత నేను తీస్తాను," అన్నాడు మంట, నడుముకున్న ఇనప టేపు లాగుతూ.

"నువ్వా? కిటికీలకి కొలతలు తీసుకో. మనిషికి కొలత తీయడం నా పని." దర్జీ బండెక్కి కాలు చాపి, మెళ్ళో టేపు తీసి, సీటు వెనక అంచు దగ్గర ఒక కొస బొటనవేలితో అదిమి, కాలి పొడవునా రెండో కొస మడమ దాకా లాగాడు. దుకాణంలో అన్నట్టే, తల ఎత్తకుండా, రాగం తీసి అన్నాడు: "ముప్పై తొమ్మిదిన్నర."

మంట నేల మీద సుద్దతో రాసుకున్నాడు. "ముప్పై తొమ్మిదిన్నర. ఖాయమేనా బావా? ఇది గుడ్డ కాదు, విప్పి కుట్టడానికి."

"రాసుకో అన్నానా లేదా?"

"పోనీ, ముందు అక్కడక్కడ చుక్కలు పెట్టి అతికి ఆపుతాను. రేపొచ్చి ఒకసారి కూర్చుని చూసుకో. ఆ తర్వాతే పూర్తిగా కాలుస్తా."

దర్జీకి రోషమొచ్చింది. మిగతా దుకాణాల్లో సగం కుట్టిన చొక్కా తొడిగి, పిన్నులు గుచ్చి, ట్రయలు అంటూ మనిషిని రెండుసార్లు తిప్పుతారు. అతని దుకాణంలో ట్రయలన్న మాటే లేదు. ఒక్కసారి కొలత, ఒక్కసారి కత్తెర. గోడ మీద బోర్డు పెట్టకపోయినా వీధికంతా తెలిసిన సంగతి.

"నా కొలతకి ట్రయలేంట్రా? అతికించి, రంగేసి, దుకాణానికి పంపు. అక్కడ ఆస్పత్రి పనికి బల్ల సర్దుకోవాలి నేను."

ఆస్పత్రి వీధి చివర కొత్తగా కట్టింది. పైఅంతస్తుకి మెట్లు పూర్తయ్యాయి, పక్కన పట్టుకోవడానికి రెయిలింగు లేదు. ఆ రెయిలింగు పని మంటకి వచ్చింది. అక్కడి సిబ్బందికి తెల్లకోట్లు కుట్టే పని దర్జీకి వచ్చింది. గుడ్డ రావడమే తరువాయి. ఒకే కుటుంబంలో ఇద్దరికీ ఒకే చోట అంత పెద్ద పని తగలడం అదే మొదటిసారి. దాంతో బావా బావమరుదులిద్దరూ కాస్త కాలరెగరేసుకునే తిరుగుతున్నారు.

మంట పలక కోశాడు. గ్రైండరు కింద నిప్పురవ్వలు చెప్పుల మీద పడుతున్నా కాలు తీయలేదు. కోసిన అంచు మీద వేలు పెట్టి గరుకు చూసి మళ్ళీ అరగదీశాడు. అద్దం మొహానికి దించుకుని వెల్డింగు రాడ్డు తగిలించాడు. బావ కాలు పెట్టే చోటని అతుకు మీద మరో వరస కూడా పోశాడు. ఆ పైన నల్లరంగు వేసి, రంగు ఆరేదాకా పక్కనే కూర్చుని ఈగలు తోలాడు. ఇదంతా దర్జీ చూడలేదు. తర్వాతెప్పుడో షెడ్డు పక్కన టైర్లు అతికేవాడు చెబితే తెలిసింది.

బండి దుకాణం ముందుకి వచ్చిన సాయంత్రం వీధంతా సినిమాకి వచ్చినట్టు వచ్చింది. టీ కొట్టాయన గ్లాసులు కడగడం మాని బయటికొచ్చాడు. భార్య కాజా కుడుతున్న చొక్కా చేత్తో పట్టుకునే మెట్టు మీద నిలబడింది.

"రా, ఎక్కు," అన్నాడు దర్జీ.

"ముందు మీరొక చుట్టు తిరిగి రండి. తర్వాత ఎక్కుతా."

అతను ఎక్కాడు. ఎడమకాలు చాపాడు. పాదం ఏదో ఇనుముకి తగిలింది, చాలనుకున్నాడు. మొదటి గేరు వేయడానికి కొంచెం ముందుకి జరగాల్సొచ్చింది. అంతమంది చూస్తుంటే అదొక లెక్కా? జరిగి, వేళ్ళతో ముందు పలక నొక్కాడు. బండి ఒక్క ఊపున కదిలింది. ఆ ఊపుకి నడుము వెనక్కి జారి సీటు అంచుకి ఆనింది. దాంతోపాటే పాదమూ వెనక్కి వచ్చింది. ఇంక ముందు పలక అందలేదు. వేళ్ళు ఎక్కడ నొక్కినా వెనక పలకే తగులుతోంది. నొక్కినప్పుడల్లా గేరు పైకెక్కడమే గాని దిగడం లేదు. రెండు, మూడు, ఆపైన నాలుగు. వీధిలో పిల్లలూ కుక్కలూ అడ్డం. వేగం తగ్గిస్తే టాప్ గేరులో బండి దగ్గొచ్చిన ముసలాయనలా ఎగిరెగిరి పడింది. ఆస్పత్రి గేటు ముందు మలుపులో పెద్దగా ఒక తన్ను తన్ని ఆగిపోయింది. ఆ బరువు ఒంటికాలి మీద ఆగలేదు. బండి మెల్లిగా, ఎంతో తాపీగా, పక్కకి ఒరిగింది. దాని కింద దర్జీ.

నలుగురూ పరిగెత్తి లేపారు. దెబ్బ పెద్దది కాదు, మోచెయ్యి గీసుకుంది. అద్దం ఒకటి పగిలింది. ఎవరో నవ్వాపుకోలేక "పార్సిలు డామేజీ!" అన్నారు.

మంట అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చాడు. వాడు "ఏమైంది బావా?" అనేలోగా దర్జీ లేచి నిలబడ్డాడు.

"ఏమైందా? నీ మొహమైంది! గేరు ఎక్కడ పెట్టావురా, పక్కింట్లోనా? ముప్పై తొమ్మిదిన్నర అంటే ఎంతో తెలుసా నీకు? టేపు మీద గీతలు లెక్కపెట్టడం రానివాడివి నువ్వు ఇనుమెందుకు కోస్తావు? ఇంకెవరి ఇంట్లోనైనా ఇలాగే కొలిచి చావు, నా ఇంట్లో కాదు!"

 ఏ మాటకైనా రెండు మాటలు తిరగ్గొట్టే మంట, కింద పడ్డ అద్దం ముక్కలు ఒక్కొక్కటే ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. ఆస్పత్రి గేటు లోపల, మెట్ల పక్కన, వాడు దింపిన రెయిలింగు పైపులు పేర్చి ఉన్నాయి. వాటి పక్కన మేనేజరు నిలబడి ఉన్నాడు. దర్జీ అరిచిన ప్రతి మాటా అక్కడికి వినపడింది.

మర్నాడు పొద్దున్న మంట ఎప్పట్లాగే ఇంటి ముందుకి వచ్చాడు. హారను కొట్టలేదు. దర్జీ ఒకపక్కకి కూర్చున్నాడు.  దుకాణం ముందు టీ కొట్టాయన నవ్వడానికి సిద్ధంగా, గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. మంట బండి ఆపాడు. బావ దిగేదాకా కాలు ఆనించి నిలబడి, ఒక్క మాట లేకుండా తిప్పుకుని వెళ్ళిపోయాడు. టీ కొట్టాయన గ్లాసు దించేశాడు. ఇన్నాళ్ళూ ఆ కేక వినపడకూడదని కోరుకున్న దర్జీకి, అది వినపడని పొద్దు మింగుడుపడలేదు.

ఆ మధ్యాహ్నం భార్య దారం కొరుకుతూ అంది.

"రెయిలింగు పని తమ్ముడి చేతిలోంచి పోయిందట. పైపులు తీసుకుపొమ్మన్నారట. రోగులు పట్టుకుని ఎక్కే మెట్లు, కొలత తెలియనివాడికి ఎలా ఇస్తామన్నాడట మేనేజరు."

"నేను తీసేయమన్నానా?"

"మీరు అనలేదు. మీరన్నది ఆయన విన్నాడు, అంతే."

"తప్పు కోస్తే తప్పనే అంటారు."

 ఆమె సూదిలో దారం ఎక్కించుకోబోయింది. అది మొదటిసారికి ఎక్కలేదు.

కాసేపటికి ఒక లారీ డ్రైవరు పాంటుగుడ్డ తీసుకుని వచ్చాడు. నిట్టాడిలా పొడుగాటి మనిషి. దర్జీ అలవాటుగా నించునే నడుము దగ్గర టేపు పట్టుకుని, కిందికి వదిలి, మడమ దగ్గర చూసి కేకేశాడు.

"నలభై నాలుగున్నర."

బల్ల దగ్గర భార్య గుడ్డ మీద సుద్ద గీత గీసింది.

"ఏంటీ, నలభై నాలుగున్నరా?" అన్నాడు డ్రైవరు. "నాది ఎప్పుడూ నలభై మూడే. రాత్రికి రాత్రి పెరిగానా?"

"నీ కాలు నలభై మూడేనయ్యా. నేను చెప్పేది మడతతో క…"

మాట సగంలో తెగింది.

ఆ దుకాణంలో పద్ధతి అది. ఎక్కడా రాసింది కాదు, నోటి అలవాటు. కింద అంచు లోపలికి మడిచి కుట్టడానికి అంగుళంన్నర గుడ్డ ఎక్కువ కావాలి. గీత గీసేటప్పుడు భార్య మళ్ళీ కలుపుకోనక్కర్లేకుండా, అది కూడా కలిపే అతను కేకేస్తాడు. ఆమె విన్నది విన్నట్టు గీస్తుంది. పెళ్ళయిన కొత్తలో మొదలైంది. ఇద్దరికీ అది ఊపిరి పీల్చినంత మామూలై, కలుపుతున్నట్టు అతనికే గుర్తులేదు. ముప్పై తొమ్మిదిన్నర. కాలు ముప్పై ఎనిమిదే, మిగతాది మడత.

టేపు అతని చేతిలోంచి జారి డ్రైవరు చెప్పు మీద పడింది. భార్య తలెత్తి చూసింది. ఆమె మొహం చూడగానే అతనికి అర్థమైంది, ఆమెకి తన కన్నా ముందే తెలుసని. ఎప్పటినుంచి తెలుసో అడిగే ధైర్యం లేకపోయింది.

"ఏంటయ్యా, ఆగిపోయావు? కొలత తప్పిందా?" అన్నాడు డ్రైవరు నవ్వుతూ.

నేల దాకా వంగడం దర్జీ వల్ల కాదు. ఆమే లేచి టేపు తీసి అతని మెళ్ళో వేసింది.

సాయంత్రం నడుచుకుంటూ షెడ్డుకి వెళ్ళాడు. మంట ఒక కిటికీ చట్రానికి మసి తుడుస్తున్నాడు. పైపులు తిరిగొచ్చి గోడకి చేరగిలబడి ఉన్నాయి. దర్జీ నిలబడ్డ చోటే నిలబడి, మొహం పైపులకేసి పెట్టి, మడత సంగతి చెప్పాడు. రెండు మాటల్లో అయిపోయింది.

మంట తుడవడం ఆపలేదు. "సరే."

"సరే అంటే?"

"సరే అంటే సరే. నాకెందుకు చెప్తున్నావు బావా? నేను కోసింది ముప్పై తొమ్మిదిన్నరేనని నాకు ఆ రోజే తెలుసు. రెండుసార్లు కొలుచుకున్నా."

"మరి అక్కడే అనొచ్చు కదరా!"

"వీధిలో నిలబడి దర్జీకి కొలత రాదని అరవమంటావా? ఆస్పత్రి వాళ్ళు వింటుంటే? నీ కోట్ల గతేంటి? అక్క నన్ను ఇంట్లోకి రానిస్తుందా?" గుడ్డ విదిలించాడు. "పోన్లే, తెలిసింది కదా. ఇంటికి పద, దించుతా."

"నన్ను క్షమించరా."

అప్పుడు తలెత్తాడు మంట. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాడ్డు వెలుగు చూసే కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి, దేనివల్లో చెప్పడం కష్టం.

"బావా, నన్ను తిట్టింది నా చెవిలోనా?"

దర్జీ వాడి బండి ఎక్కకుండా నడుచుకుంటూనే ఇంటికి పోయాడు.

రాత్రి మంచం మీద కూర్చుని మోకాలు రాసుకుంటున్నాడు. ఎంత రాసినా వంగేది కాదు, ఊరికే చెయ్యి పోతుంది. భార్య దీపం తగ్గించింది.

"రేపు ఆస్పత్రికి వెళ్తా," అన్నాడు.

"కోట్ల సంగతి ఆలోచించారా?"

"ఆలోచిస్తే వెళ్ళను. అందుకే ఆలోచించడం లేదు."

పొద్దున్న గేటు దగ్గర జనం బాగానే ఉన్నారు. చీటీలు రాయించుకునేవాళ్ళు, కట్టుకట్టించుకునేవాళ్ళు, టీ గ్లాసులు అందించడానికి వచ్చిన టీ కొట్టాయన. మేనేజరు మెట్ల దగ్గర నిలబడి కొత్త వెల్డరుతో మాట్లాడుతున్నాడు. దర్జీ లోపలికి పోలేదు. తను ఎక్కడ పడ్డాడో, ఎక్కడ నిలబడి అరిచాడో, సరిగ్గా అక్కడే నిలబడ్డాడు.

"సార్! ఒక్క మాట!"

"లోపలికి రావయ్యా, ఎందుకు అరుస్తావు?"

"మొన్న ఇక్కడే అరిచాను సార్, ఇవాళా ఇక్కడే అరవాలి. ఆ బండికి కొలత ఇచ్చింది నేను. తప్పు కొలత ఇచ్చాను. మా బావమరిది నేను చెప్పింది చెప్పినట్టు, వెంట్రుకవాసి తేడా లేకుండా కోశాడు."

మేనేజరు దగ్గరకొచ్చాడు. "నువ్వు దర్జీవి కదయ్యా. నీ కాలి కొలత నువ్వు తప్పు చెప్పడమేంటి?"

"మీ పాంటు అంచు చూసుకోండి సార్. లోపలికి అంగుళంన్నర మడిచి ఉంటుంది. మా దుకాణంలో ఆ మడత కూడా కలిపి చెప్పడం అలవాటు. బండి మీదా ఆ అలవాటునే చెప్పాను." పాంటు పైనుంచి ఎడమ మోకాలి మీద తట్టాడు.  "ఈ కాలు అసలు మడతపడదు సార్. వీధిలో అందరికీ తెలుసు. దానికి మడత కలిపాను నేను."

ముందు టీ కొట్టాయన నవ్వాడు. తర్వాత చీటీలవాళ్ళు. కట్టుకట్టించుకుంటున్న ఒక ముసలాయన పక్కటెముకలు పట్టుకుని మరీ నవ్వాడు. మేనేజరు కూడా నవ్వాపుకోలేకపోయాడు. దర్జీ నవ్వలేదు. నవ్వు అయ్యేదాకా నిలబడ్డాడు, గాలివాన వెలిసేదాకా చూరు కింద నిలబడ్డట్టు.

"సరేనయ్యా," అన్నాడు మేనేజరు కళ్ళు తుడుచుకుంటూ. "మీ వాణ్ణి పైపులు తెచ్చుకోమను. ఇతన్ని రేపటినుంచి రావద్దంటాను."

దర్జీ దణ్ణం పెట్టి తిరగబోయాడు.

"ఆగాగు. లోపలికి రా."

లోపల గదిలో కుర్చీ చూపించలేదు. మేనేజరు గొంతు తగ్గింది, మెత్తదనం పెరిగింది. అప్పుడే దర్జీకి కొంత అర్థమైంది.

"తప్పుగా అనుకోకు. కోట్ల విషయం. గుడ్డ ఖరీదైంది. అంతమందికీ ఒకేసారి కత్తెర పడుతుంది. ఇందాక నువ్వు చెప్పింది విన్నాక…"

"అది నోటి పొరపాటు సార్. నా కత్తెర ఎన్నడూ తప్పలేదు."

"కత్తెరా నీదే, నోరూ నీదే కదయ్యా."

"గుడ్డ మీదైతే ఆ మడత తప్పు కాదు సార్, అదే సరైన కొలత. ఇనుము మీదే…"

చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. ఎదుటివాడి మొహంలో ఇంకా నవ్వు మరక మిగిలే ఉంది. అంగుళాలూ మడతలూ ఎంత విప్పి చెప్పినా ఆ మొహానికి ఎక్కవు. ఆస్పత్రిలో ఎవడి కోటు చెయ్యి పొట్టయినా, ఎవడి కోటు భుజం జారినా, ఇంక అందరికీ గుర్తొచ్చేది ఈ పొద్దుటి నవ్వే.

"రెడీమేడు తెప్పించేస్తాం. నీకు చిల్లర పనులు ఉంటూనే ఉంటాయిలే, దిండుగలీబులూ అవీ."

"చిత్తం," అన్నాడు దర్జీ.

ఆ మధ్యాహ్నమే షెడ్డులో మంట బండి పలక కోసి, అంగుళంన్నర తీసేసి మళ్ళీ చుక్కలు పెట్టి నిలిపాడు. ఈసారి కాల్చకముందే "వచ్చి కూర్చో" అన్నాడు. దర్జీ మారుమాట్లాడకుండా వెళ్ళి కూర్చున్నాడు. వేళ్ళు ముందు పలక మీద, మడమ వెనక పలక మీద, చెప్పులో కాలు దూరినట్టు దూరాయి. కింద, పైన, మళ్ళీ కింద. గేరు టక్కుమని పడినప్పుడల్లా మంట తల ఊపాడు.

"రేపటినుంచి ఆస్పత్రిలో ఇద్దరం ఒకేచోట పని," అన్నాడు మంట, అద్దం మొహానికి దించుకుంటూ. "కోట్లు ఎప్పుడు మొదలుపెడతావు బావా?"

"గుడ్డ రావాలి కదరా."

"ఇంకా రాలేదా?"

"రాలేదు."

రాడ్డు తగిలింది. వెలుగుకి దర్జీ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

సాయంత్రం భార్య గుడ్డలమూట ఒళ్ళో పెట్టుకుని వెనక ఎక్కింది. ఒక చెయ్యి మూట మీద, ఒక చెయ్యి అతని భుజం మీద. బండి మాస్టారు చెప్పినట్టే పరిగెత్తలేదు, నడిచింది. దుకాణాలు వెనక్కి పోతుంటే ఆమె ఇటూ అటూ చూసింది. రోజూ నడిచే దారే, కొత్తగా ఉన్నట్టుంది. పెద్దరోడ్డు కూడలిలో ఎర్రదీపం పడింది. దర్జీ వేళ్ళతో ముందు పలక నొక్కాడు. గేరు బుద్ధిగా దిగింది. కుడికాలు నేల మీద ఆనించాడు.

"మేనేజరు లోపలికి పిలిచి ఏమన్నాడు?" అంది ఆమె వెనకనుంచి.

"నీకెవరు చెప్పారు పిలిచాడని?"

"మీ మెడ చెప్తోంది. పొద్దుట్నుంచీ బిగుసుకునే ఉంది."

దీపం ఇంకా ఎర్రగానే ఉంది.

"తమ్ముడికి చెప్పకు."

"చెప్పను. ఎన్ని పోయాయి?"

"ముప్పై ఆరు కోట్లు."

పక్కన కొత్త బండి మీద ఆగినతను ఉలిక్కిపడి తల తిప్పాడు. పాతబండినీ, కర్రలా చాపిన కాలునీ, వెనక మూట పట్టుకున్న ఆడమనిషినీ పైనుంచి కిందిదాకా చూశాడు. పాపమనుకున్నాడో, పిచ్చివాడనుకున్నాడో.

"తెల్లవి," అన్నాడు దర్జీ అతనికేసి తిరిగి. "పొడుగు చేతులవి ఇరవై నాలుగు, పొట్టి చేతులవి పన్నెండు. ఒక్కోదానికి మూడేసి జేబులు."